దేశాన్ని ఏలేవాళ్ళు ఏం చెయ్యాలి?



రాత్రి బడిలో పలకలు పక్కన పెట్టాక ఒక ప్రశ్న తరచూ వస్తుంది. "దేశం బాగుపడాలంటే పైనున్న పెద్దాయన ఏం చెయ్యాలండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. "ధరలు తగ్గించాలి" అని ఒక అక్క అంటుంది. "లంచాలు ఆపాలి" అని ఇంకొక అక్క అంటుంది. "మగాళ్ళకీ ఆడాళ్ళకీ ఏడాది పొడుగునా పని చూపించాలి" అని మరొకరు అంటారు. ఆఖరికి వెనక కూర్చున్న ఒక అమ్మ అంటుంది. "ముందు ఆ బ్రాందీ షాపులు మూయించమనండమ్మా. మిగతావి తర్వాత చూద్దురుగాని."

అందరూ నవ్వుతారు. కాని ఆ నవ్వులో బాధ ఉంది.

ఈ మాట కొత్తది కాదు. గాంధీగారు కూడా 1931లో తన పత్రికలో ఇలాంటి మాటే రాశారు. ఒక్క గంట సేపు దేశమంతటి మీద సర్వాధికారం తన చేతికి వస్తే, ముందుగా కల్లు, సారా దుకాణాలు మూయిస్తానని ఆయన ఉద్దేశం.

ఒక్క గంట! వినడానికి ఎంత బాగుందో! మరి ఒక్క గంటలో ఆ పని అయిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేదు. యానాం ఊరే జవాబు చెబుతుంది.

ఊరు ఒకటి, గీత ఒకటి

యానాం చిన్న ఊరు. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క గౌతమీ గోదావరి. మిగతా అంతా ఆంధ్రా. ఏటికి అవతల ఎదుర్లంక. ఇవతల నీలపల్లి, ఇంజరం, తాళ్ళరేవు. రెండు పక్కలా తెలుగే. రెండు పక్కలా చుట్టాలే. ఇక్కడి పిల్లను అక్కడ ఇస్తారు. అక్కడి పిల్లను ఇక్కడికి తెచ్చుకుంటారు.

కాని మధ్యలో ఒక గీత ఉంది. నేల మీద కనపడదు. కాగితం మీద ఉంది. గీతకు అవతల ఆంధ్రప్రదేశ్ సర్కారు. ఇవతల పుదుచ్చేరి సర్కారు. ఆ పుదుచ్చేరి ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉంది. అక్కడి శాసనసభకు జనం ఎన్నుకునే సభ్యులు 30 మంది. అందులో యానాం సభ్యుడు ఒక్కరే.

ఈ గీత ఎలా వచ్చింది? పూర్వం యానాన్ని ఫ్రెంచివాళ్ళు ఏలారు. చుట్టుపక్కల ఊళ్ళను ఇంగ్లీషువాళ్ళు ఏలారు. ఇంగ్లీషువాళ్ళు 1947లో వెళ్ళిపోయారు. యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కిందే ఉంది. ఆ తర్వాత భారతదేశంలో కలిసింది. కలిసినా ఆంధ్రాలో కలవలేదు. పాండిచ్చేరితోనే ఉండిపోయింది.

కల్యాణపురం కథ

యానానికి ఇంకో పేరు ఉండేది. కల్యాణపురం. పేరు ఎంత శుభంగా ఉంది! దాని వెనక కథ మాత్రం శుభమైనది కాదు.

ఆ రోజుల్లో ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా పెళ్ళి చేసేవారు. పెళ్ళికొడుకు ఒక్కోసారి ముసలివాడు. అతను పోతే ఆ పిల్ల బొమ్మలాట వయసులోనే విధవ అయ్యేది. ఆ పిల్లల కన్నీళ్ళు చూసి కందుకూరి వీరేశలింగం పంతులుగారు కదిలారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. ఊళ్ళో పెద్దలు ఆయనను వెలివేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఆయన పక్కనే నిలబడ్డారు.

చట్టం రావడానికి ఇంకా 48 ఏళ్ళు పట్టింది. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష అన్నారు. ఇంగ్లీషువాళ్ళ ఇలాకా అంతటా ఆ చట్టం నడిచింది.

అప్పుడు ఏం జరిగింది? చిన్నపిల్లలకు పెళ్ళి చేయాలనుకున్నవాళ్ళు బళ్ళు కట్టారు. పడవలు ఎక్కారు. యానాం వచ్చారు. ఇక్కడ ఫ్రెంచివాళ్ళ పాలన. ఆ చట్టం ఇక్కడ చెల్లదు. పందిళ్ళు వేశారు. బాజాలు మోగించారు. పసిపిల్లల మెడలో తాళి కట్టించారు. మళ్ళీ బళ్ళెక్కి వెళ్ళిపోయారు.

చట్టం మంచిదే. కాని గీత దగ్గర ఆగిపోయింది. పిల్ల మెడలో పడిన తాళి మాత్రం గీత దాటి ఇంటికి వెళ్ళింది.

దూబగుంట అక్కచెల్లెళ్ళు

ఇప్పుడు ఇంకో కథ వినండి. ఇది చదువు నేర్చిన ఆడవాళ్ళ కథ. అందుకని ఇది మీ కథ కూడా.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. కూలి పని చేసుకునే ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. వాళ్ళ వాచకంలో సారా వల్ల చెడిపోయిన సంసారం గురించి పాఠం ఉంది. పాఠం చదివారు. "ఇది పుస్తకంలో కథా? మన ఇంట్లో కథా?" అని అడిగారు. చదివి ఊరుకోలేదు. రోశమ్మగారి లాంటివాళ్ళు ముందుకు వచ్చారు. ఊళ్ళో సారా కొట్టు మూయించారు.

ఆ కబురు పక్క ఊళ్ళకు పాకింది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా వేలం పాటలను అడ్డుకున్నారు. చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు. సర్కారు వినక తప్పలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా ఆగింది. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. 1994 డిసెంబరు 12న ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ రోజే మద్యనిషేధం కాగితం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి నుంచి సంపూర్ణ నిషేధం. సారా లేదు. బ్రాందీ లేదు. విస్కీ లేదు. ఆడవాళ్ళు పండగ చేసుకున్నారు.

అంటే గాంధీగారు కోరిన ఆ ఒక్క గంట నిజంగానే వచ్చింది!

మరి ఏమైంది? ఆ నిషేధం యానాం గీత దగ్గర ఆగింది. యానాం పుదుచ్చేరి కిందిది కదా! ఇక్కడ షాపులు తెరిచే ఉన్నాయి. తాగాలనుకున్నవాడికి బస్సు టిక్కెట్టు చాలు. మిగతా సరిహద్దుల్లో కూడా దొంగ సరుకు నడిచింది. సర్కారు ఖజానాకు డబ్బు తగ్గింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. రెండేళ్ళ పండగ అయిపోయింది.

ఇది ఒక్క ఆంధ్రా ముచ్చటే కాదు. బీహారులో కూడా ఆడవాళ్ళు అడిగితేనే 2016లో మద్యం మాన్పించారు. కాని చుట్టూ ఉన్న రాష్ట్రాల్లో మద్యం ఉంది. పక్కనే నేపాల్ ఉంది. దొంగతనంగా సారా కాచేవాళ్ళు పుట్టుకొచ్చారు. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి పదుల మంది చనిపోయారు.

సబ్బుకు ఒక న్యాయం, బ్రాందీకి ఒక న్యాయం

ఒక చిన్న లెక్క చూడండి. తాళ్ళరేవులో సబ్బు కొన్నా, యానాంలో సబ్బు కొన్నా పన్ను ఒకటే. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. చాలా వస్తువులకు దేశమంతటా ఒకే పన్ను అయింది. కాని మద్యాన్ని అందులోంచి బయట పెట్టారు. మద్యం మీద ఏ సర్కారు పన్ను ఆ సర్కారుదే. పుదుచ్చేరిలో పన్ను తక్కువ. అందుకని యానాంలో సీసా చవక.

సబ్బు కోసం ఎవరూ గీత దాటి రారు. సీసా కోసం వస్తారు.

ఈ చవక ఎవరికి లాభం? చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే అక్కను అడగండి. పొద్దున్న నుంచి తిరిగి నాలుగు డబ్బులు కొంగున ముడేసుకుని వస్తుంది. గుమ్మంలో మొగుడు చెయ్యి చాస్తాడు. "ఇవాళ చవగ్గా వస్తుందే" అంటాడు. చవక అని తక్కువ తాగుతాడా? ఇంకొంచెం తాగుతాడు. ఆ రాత్రి పొయ్యి మీద ఎసరు పడదు.

ఇంకో మాట. మద్యం పన్ను సర్కారు ఖజానాలో కలుస్తుంది. పింఛన్లు కూడా ఆ ఖజానాలోంచే వస్తాయి. తాగి తాగి మొగుడు పోతే, ఆమెకు విధవ పింఛను ఇస్తారు. ఆ పింఛనులో ఆమె మొగుడు తాగిన సీసా పన్ను కూడా ఉంటుంది. ఇది సాయమా? ఆలోచించండి.

అయితే ఏం చెయ్యాలి?

దేశాన్ని ఏలేవాళ్ళు ఒక్క సంతకం పెట్టి ఊరుకుంటే చాలదు. యానాం అనుభవం నేర్పేది అదే. వాళ్ళు చెయ్యాల్సిన పనులు ఇవి.

ఒకటి. గీతకు రెండు పక్కల సర్కార్లనూ ఒక చోట కూర్చోబెట్టాలి. రాజ్యాంగం ప్రకారం మద్యం మీద అధికారం రాష్ట్రాలది. ప్రధానమంత్రి ఒక్కరే దేశమంతా మూయించలేరు. కాని అందరినీ పిలిచి మాట్లాడించగలరు. దక్షిణాది రాష్ట్రాలకు ఒక మండలి ఉంది. దానికి కేంద్ర హోంమంత్రి అధ్యక్షుడు. ఆంధ్రా, పుదుచ్చేరి రెండూ అందులో ఉన్నాయి. ఆ మండలిలో ఆడవాళ్ళ ఈ గోడు కూడా చర్చకు రావాలి.

రెండు. గీతకు రెండు పక్కలా ధర ఒకటి చెయ్యాలి. ఇది కుదరని పని కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు పుదుచ్చేరి సర్కారు మద్యం మీద ప్రత్యేక పన్ను వేసింది. పక్క రాష్ట్రాలవాళ్ళు గుంపులుగా రాకుండా ధర పెంచింది. 2021లో ఆ పన్ను తీసేసింది. జబ్బు భయంతో ఒక ఏడాది చేసినది, సంసారాల కోసం ఎప్పటికీ చెయ్యొచ్చు కదా!

మూడు. పోయే ఆదాయానికి బదులు వెతకాలి. డబ్బు సంగతి చూడకుండా నిషేధం పెడితే ఏమవుతుందో 1997 చెప్పింది. ఒక్కసారిగా కాకపోయినా, మద్యం ఆదాయం మీద ఆధారం ఏటేటా తగ్గించుకోవాలి.

నాలుగు. తాగుడు మాన్పించే వైద్యం అందుబాటులో ఉండాలి. తాగుడు జబ్బుగా మారినవాడికి షాపు మూసినంత మాత్రాన నయం కాదు. కల్తీ సారా కోసం పరుగెడతాడు. బీహారులో చచ్చిపోయినవాళ్ళు చాలామంది పేదవాళ్ళే.

ఐదు. చట్టం చేసేముందు, చేసిన తర్వాత కూడా ఆడవాళ్ళను అడగాలి. ఏ షాపు బడికి దగ్గరగా ఉంది? ఏ వీధిలో దొంగ సరుకు దొరుకుతుంది? ఈ సంగతులు ఢిల్లీలో తెలియవు. పుదుచ్చేరిలో తెలియవు. ఆ వీధిలో ఉండే అమ్మకు తెలుసు.

రాజ్యాంగంలో 47వ అధికరణం ఉంది. జనం ఆరోగ్యం కోసం మత్తు పానీయాలు మాన్పించడానికి ప్రభుత్వాలు ప్రయత్నం చెయ్యాలని అది చెబుతుంది. ఇది ఎవరి దయా కాదు. రాసి ఉన్న మాట. ఇప్పుడు మీరూ చదవగలరు.

చివరగా ఒక మాట

"పైనున్న పెద్దాయన ఏం చెయ్యాలి?" అన్న ప్రశ్న మంచిదే. దాని వెనకే ఇంకో ప్రశ్న రావాలి. "ఆయన చేత ఎవరు చేయిస్తారు?"

వీరేశలింగం పంతులుగారు చట్టం వచ్చేదాకా ఆగలేదు. దూబగుంట అక్కచెల్లెళ్ళు ముఖ్యమంత్రి తమ ఊరు వచ్చేదాకా ఆగలేదు. ముందు వాళ్ళు కదిలారు. తర్వాత సంతకాలు కదిలాయి.

నిన్నటిదాకా కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో చెప్పలేదు. ఇవాళ పేరు రాయడం వచ్చింది. పది పేర్లు ఒక కాగితం మీద ఉంటే అది అర్జీ. మీ వీధి పేరు రాయండి. షాపు బడికి ఎన్ని అడుగుల దూరమో కొలిచి రాయండి. మీ శాసనసభ్యుడికి ఒకటి ఇవ్వండి. పుదుచ్చేరికి ఒకటి పంపండి. పార్లమెంటు సభ్యుడికి ఒకటి పంపండి. ఎదుర్లంక, నీలపల్లి, తాళ్ళరేవు అక్కచెల్లెళ్ళు కూడా అదే అర్జీ అదే రోజున అటు ఆంధ్రా సర్కారుకు ఇవ్వాలి. గీత సర్కార్లకు ఉంది. ఆడవాళ్ళ కష్టానికి లేదు.

చదవండి, మాట్లాడుకోండి

1. శారదా చట్టం వచ్చాక పెళ్ళిళ్ళకు యానాం ఎందుకు వచ్చేవారు?
2. 1995లో వచ్చిన నిషేధం 1997లో ఎందుకు పోయింది?
3. మీ ఇంట్లో వారం కూలిలో ఇంటికి వచ్చేది ఎంత? షాపుకు పోయేది ఎంత? లెక్క రాయండి.
4. మీ వీధి ఆడవాళ్ళంతా కలిసి ఒక అర్జీ రాయండి. కింద మీ పేర్లు మీరే రాయండి.