ఫోను చదువు - ఉస్తాద్ చెవి



మేము ఉర్దూ మీడియం పంతుళ్లము. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది. అది సబబే. కనుక మా మాటంతా సాయంత్రం మక్తబు గురించి.

1961లో కైరోలో షేక్ మహమూద్ ఖలీల్ అల్-హుసరీ గారు ఖురాన్ మొత్తం చదివి రికార్డు చేయించారు. ఆ గొంతే నేడు పిల్లల ఫోన్లలో వినిపిస్తున్నది. సంతోషమే. దాపరికమెందుకు, ఆ రికార్డు ముందుగా కావలసింది మాకే! జాల్, జే, జాద్, జోయ్ - ఉర్దూలో నాలుగూ ఒకటే ధ్వని, అరబ్బీలో నాలుగూ వేరు. మన దక్కనీ నోట పెద్ద ఖాఫ్ సంగతి చెప్పనే అక్కరలేదు.

అయితే ఒకచోట ఫోను ఉంది గదా అని ఉస్తాద్‌ను మాన్పించారు. అక్కడి కుర్రవాడొకడు వినీ వినీ ఆయతులు కంఠతా పట్టాడు. వాళ్లమ్మ మురిసిపోతూ మా దగ్గరికి తీసుకొచ్చింది. చదివించి చూద్దుము గదా, హృదయం అనే ‘ఖల్బ్’ కాస్తా కుక్క అనే ‘కల్బ్’ అయి కూర్చుంది! ఆ తల్లి ముఖం చూసి ఏమని చెప్పము? చదివితే విని తప్పు చూపే యాప్‌లు కూడా వచ్చాయి. కాని నాలుక ఎక్కడ ఆనాలో పిల్లవాడి నోట్లోకి చూసి దిద్దేదెవరు?

సొసైటీ వారు గదికొక స్పీకరు ఇప్పించండి, అందరం కలిసి విందాము. తర్వాత ఒక్కొక్కరినే చదివించి మేము వింటాము. ఆ ఉస్తాద్‌ను మళ్లీ పిలిపించండి.