జాతికి హద్దు ఎక్కడ?

అహోబిల క్షేత్రకథ తెలియని తెలుగువారు అరుదు. హిరణ్యకశిపుడు వరము కోరినప్పుడు సృష్టిని తెగలుగా విభజించి లెక్కపెట్టినాడు. నరునిచేత గాని మృగముచేత గాని, పగలు గాని రాత్రి గాని, ఇంటిలోపల గాని వెలుపల గాని తనకు చావు రాకూడదన్నాడు. తెగకును తెగకును నడుమ సందు ఉండగలదని అతనికి తోచలేదు. నరసింహుడు ఆ సందులోనే అవతరించి, సంధ్యవేళ, గడపమీద అతనిని సంహరించినాడు. పురాణమును శాస్త్రముగా చదువవలెనని నా అభిప్రాయము కాదు. కాని జీవశాస్త్రజ్ఞులను నేటికిని వేధించుచున్న ప్రశ్న యొకటి ఇందులో ఉన్నది: ఒక జీవజాతి ఎక్కడ ముగియును, మరియొకటి ఎక్కడ మొదలగును?

రూపమును బట్టి జాతిని నిర్ణయింపవచ్చునని మొదట తోచును. 18వ శతాబ్దమున స్వీడన్ దేశీయుడైన లినేయస్ వేలకొలది జీవులకు పేర్లు పెట్టినది చాలవరకు రూపమును చూచియే. కాని రూపము మోసగించును. అహోబిలమున్న నంద్యాల జిల్లాలోనిదే బనగానపల్లె. ఆ ఊరి పేరు మోసిన మామిడికిని, పీచుగల రసపు మామిడికిని ఆకారములో, రుచిలో ఎంతో భేదము. అయినను రెండును ఒకే జాతి. ఒకదాని పుప్పొడి రెండవదాని పూతపై పడినచో కాయ కాయును; ఆ టెంక మొలచి, చెట్టై, మరల కాపునకు వచ్చును. గుఱ్ఱము, గాడిద చూపునకు దగ్గర చుట్టములు. కాని వానికి పుట్టిన కంచరగాడిదకు సాధారణముగా సంతానము కలుగదు. కనుక అవి వేరు జాతులు.

1942లో ఎర్నెస్ట్ మయర్ అను శాస్త్రజ్ఞుడు ఈ భావమునకే స్పష్టమైన నిర్వచనమిచ్చినాడు. ప్రకృతిలో తమలో తాము జతకూడి సంతానము పొందుచు, ఇతర సముదాయములతో అట్లు కలియని జీవసముదాయమే జాతి.

అయినచో కొత్త జాతి ఎట్లు ఏర్పడును? రాకపోకలు తెగిన రెండు ఊళ్ల పలుకుబడి తరతరములకు వేరైపోవునట్లే, విడిపోయిన జీవులును వేరగును. శ్రీశైలము తోకగా, అహోబిలము నడుముగా, తిరుమల పడగగా ఈ కొండలవరుసను ఆదిశేషునితో పోల్చుట మన సంప్రదాయము. ఆ పడగ దాపున, తేమగల బండసందులలో బంగారు బల్లి నివసించును. 1870లో బెడ్డోమ్ అను ఆంగ్లేయ అధికారి దానిని వర్ణించినాడు. ఆ ప్రజాతిలో నేడు తెలిసిన జాతులు రెండే. రెండవది శ్రీలంకలో ఉన్నది. దానిని 1953లో దెరణియగల వర్ణించినాడు. రెండింటికిని మూలపురుషుడొకడే. కాని నడుమ ఎండిన మైదానములు, సముద్రము అడ్డుపడినవి. ఇటు పుట్టిన మార్పు అటు చేరదు. 1859లో డార్విన్ వివరించినట్లు, ఆయా చోటులకు తగిన మార్పులు నిలిచినవి. కొన్ని మార్పులు కేవలము యాదృచ్ఛికముగా నిలిచినవి.

ఇక్కడనే మయర్ నిర్వచనమునకు చిక్కు. ఈ రెండు బల్లులు ఎన్నడును కలిసికొనవు; కలిసినచో జతకూడునో లేదో ప్రకృతి పరీక్షించి చూపదు. అందుచే శాస్త్రజ్ఞులు అవయవనిర్మాణమును, వంశపారంపర్య ద్రవ్యమును పోల్చి నిర్ణయింతురు. జతకూడక, చీలికచే వృద్ధిపొందు సూక్ష్మజీవులకు ఆ నిర్వచనము వర్తింపనే వర్తింపదు. ఇంకను విడిపోవుచున్న జీవుల స్థితి సంధ్యవంటిది. సంధ్య యున్నంత మాత్రమున పగలును రాత్రియును అబద్ధములు కావు.

శ్రోతలారా, ఇది పండితుల వాదము మాత్రమే యని తలపకుడు. 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన నీలివన్నె సాలీడును కొత్త జాతిగా వర్ణించినాడు. నూరేండ్లకు పైగా అది మరల కనబడలేదు. తుదకు 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో కనబడినది. అహోబిలమును చుట్టియున్న నల్లమలలోనిదే ఆ అడవి. ముదురు చెట్ల తొఱ్ఱలే దాని ఇండ్లు. దాని దాయాదులు భారతదేశములో, శ్రీలంకలో ఇంకను ఉన్నవి. దీనిని వానిలో ఒక రకముగా ఎంచినచో, ఇచ్చట నశించినను వేరొకచోట మిగులునని ఊరడిల్లుదుము. వేరు జాతి యని తెలిసిన పిమ్మట ఆ ఊరటకు తావు లేదు. తూర్పుకనుమల అడవులలో ఆ తొఱ్ఱచెట్లు కూలినచో అది లోకమునుండియే పోవును. వంటచెరకునకో కలపకో ముసలి చెట్టుపై గొడ్డలి ఎత్తువారు ఈ మాటను ఒక్కసారి తలచుకొనుట మంచిది.