మొక్కల పేర్లు – వాని తాత్పర్యములు



బాల్యమున గురుసన్నిధిని అమరకోశమందలి వనౌషధివర్గమును కంఠస్థము చేసితిని. కాని మా పెదకాకాని పొలముగట్లపై మొలచిన మొక్కలలో సగమింటిని గుర్తింపజాలకుంటిని. చదువెరుగని పసులకాపరి బాలుడొకడు వానినన్నిటిని పేరు పెట్టి చూపెడివాడు. పేరు వచ్చినంత మాత్రమున మొక్క వచ్చినట్లు కాదని నాడే తెలిసికొంటిని.

పాశ్చాత్యుల లాటిను పేర్లును ఇట్టివే. తాత్పర్యము తెలియనంతవరకు నోరు తిరుగని మాటలు. తెలిసినచో మొక్కను కన్నుల యెదుట నిలుపును. 1753లో స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు మొక్క కొక్కింటికి రెండేసి మాటల పేరు నేర్పరచెను. మొదటిది మనకువలెనే యింటిపేరు, రెండవది సొంతపేరు.

ఆముదము 'రిసినస్ కమ్యూనిస్'. రిసినస్ అనగా పసులను పట్టు పిడుదు. ఆముదపు గింజను అరచేత నుంచుకొని చూడుడు, పోలిక తెలియును. మన సంస్కృతకవులు ఆకును చూచి 'పంచాంగుల' మనిరి; వారు గింజను చూచిరి. చెట్టు ఒక్కటే, చూపులు రెండు.

చింతను అరబ్బులు 'హిందూదేశపు ఖర్జూర' మనిరి. దానినుండి పుట్టినదే 'టామరిండస్ ఇండికా'. ఆ పేరున మన దేశము రెండుమారులు వినబడును.

మన చేలలోని మిరప 'కాప్సికం ఆన్యుయం'. పెట్టె యను నర్థముగల మాటనుండి మొదటిది వచ్చినదందురు. ఎండుకాయ నూపినచో లోని గింజలు గలగలలాడును గదా! రెండవ మాటకు ఏడాదిపంట యని యర్థము. అమెరికానుండి వచ్చిన యీ కాయకు అమరకోశమున పేరు లేదు. మనవారు మిరియమును తలచుకొని మిరప యనిరి.

ఇక మనకు గర్వకారణమైనది సోమిడ. 1793లో కలకత్తాకు పోవుటకు ముందు సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బరో వైద్యుడు ఈ చెట్టు బెరడు జ్వరమునకు మందని వ్రాసెను. నేడు దానిపేరు 'సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా'. రెండవ మాట 'జ్వరమును తరుమునది'. మొదటిది మన తెలుగుమాటయే. ఏ గ్రామవాసి నోట వెలువడినదో, నేడు లోకమంతటి శాస్త్రగ్రంథములలో నున్నది.

పేరులో పొరపాటు వచ్చినచో మందులోను వచ్చును. బ్రాహ్మి యని యొకచోట నీటిగట్ల సన్నయాకు తీగ నిత్తురు. మరియొకచోట సరస్వతియాకు నిత్తురు. అవి వేరువేరు మొక్కలు. శాస్త్రనామము ఆ సందేహమును తీర్చును. కాని ఏ గట్టున, ఏ ఋతువున, ఏ మొక్క మొలచునో అది చెప్పదు; మీరు చెప్పవలయును.

నాకు పేర్లు వచ్చి మొక్కలు రాలేదు. నేటి బాలురకు రెండును రాకున్నవి. కావున రేపు ప్రొద్దుట మనుమని వ్రేలు పట్టుకొని గట్టువెంట నడువుడు. పది మొక్కలను చూపి, మీ పెద్దలు పిలిచిన పేర్లను చెప్పుడు. సోమిడ యను మాట నిలిచినది అట్లు చెప్పినవాడొక డుండుటచేతనే.