కొట్టు అమ్మాలా, ఉంచుకోవాలా?

20 ఏళ్లు నడిపిన కిరాణా కొట్టును అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నారా? తొందరపడకండి. ముందు 3 ఏళ్ల లెక్కలు తీయండి. లాభంలోంచి మీ కష్టానికి నెల జీతం, సొంత గది అయితే దాని అద్దె తీసేయండి. మిగిలిందే కొట్టు అసలు సంపాదన.

ఏమీ మిగలకపోతే కొనేవారు సరుకుకూ సామానుకూ మాత్రమే వెల కడతారు. మిగిలితే, మీ ఖాతాదారుల నమ్మకానికీ ధర అడగండి. దాన్నే గుడ్‌విల్ అంటారు.

నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా బదలాయిస్తే జీఎస్టీ ఉండదు. పన్ను వర్తించే సరుకు విడిగా అమ్మితే పడుతుంది. ఆదాయపు పన్ను లెక్క వేరు. అందుకే సంతకానికి ముందే ఆడిటరును కలవండి.

అలసిపోయి అమ్మకండి, లెక్క చూసుకుని నిర్ణయించండి. మీ చెమటకు తగిన వెల దక్కాలి.