చలికి కమిలిన సక్యులెంట్లు: ఏది కోయాలి, ఏది వదిలేయాలి

గాజువాక మిద్దె తోట నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు సక్యులెంట్ల గురించి చెప్పుకుందాం. అంటే ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్కలు. కలబంద, రణపాల, అడీనియం, జేడ్, స్నేక్ ప్లాంట్, ఇవన్నీ ఆ కోవలోవే.

మన గాజువాకలో మంచు గడ్డకట్టదు కదా, ఈ టాపిక్ ఎందుకండీ అంటారేమో. నిజమే, సముద్రం పక్కన ఉన్నాం. జనవరిలో కూడా ఇక్కడ రాత్రిళ్లు మామూలుగా 15 డిగ్రీలకి పైనే ఉంటుంది. కానీ మనవాళ్లలో చాలామందికి చింతపల్లి, పాడేరు, అరకు వైపు ఇళ్లున్నాయి, ఉద్యోగాలున్నాయి. ఇక్కడి నర్సరీల్లో కొన్న కుండీలు అక్కడికి పట్టుకెళ్తారు. లంబసింగి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ చుట్టుపక్కల కొన్ని రాత్రిళ్లు చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది, తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది.

మొన్న చింతపల్లి నుంచి ఒక టీచర్ గారు వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. పదకొండేళ్ల అడీనియం. వాళ్లాయన ఉన్నప్పుడు పెట్టిన మొక్కట. ఆకులన్నీ రాలిపోయాయి, కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. "పారేయమంటారా?" అని అడిగారు. ఒక్క ఫొటో చూసి పారేయండి అని ఎవరూ చెప్పకూడదండీ. ముందు దెబ్బ ఎండుగా ఉందా, తడిగా ఉందా చూడాలి. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే: ఎండిన దెబ్బని వదిలేయండి, తడి దెబ్బని వెంటనే కోసేయండి.

ఎందుకో చెప్తాను. ఆకులో నీళ్లు గడ్డకట్టినప్పుడు లోపలి కణాలు చితికిపోతాయి. ఎండ వచ్చి గడ్డ కరగ్గానే ఆకు గాజులా పారదర్శకంగా అయ్యి, మెత్తబడి, తర్వాత నల్లబడుతుంది. ఆ మెత్తటి భాగంలో కుళ్లు మొదలై కిందకి పాకుతుంది. కాబట్టి దాన్ని ఉంచకూడదు. అదే, చివర్లు ఎండి కాగితంలా అయ్యాయనుకోండి, వాటితో ప్రమాదం లేదు. పైగా మళ్లీ చలి పడితే కింద ఉన్న పచ్చి భాగానికి అవే దుప్పటి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా వాటి జోలికి వెళ్లకండి.

బతికుందో లేదో చూడటం తేలికే. అడీనియం దుంపని బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కలబందకి బయటి ఆకులు పోయినా నడిమి మొవ్వు గట్టిగా ఉంటే చాలు. జేడ్ కాండాన్ని గోటితో కొంచెం గీరండి, లోపల పచ్చగా కనిపిస్తే ఆశ ఉంది.

దుంప ఒక పక్క మెత్తబడితే, చాకుని స్పిరిట్‌తో తుడిచి, కుళ్లు ఆనవాలు లేని గట్టి కండ వచ్చేదాకా కోయండి. కోతకి ఫంగిసైడ్ పొడి అద్ది, నీడలో వారం, పది రోజులు ఆరనివ్వండి. ఆ తర్వాతే ఇసుక ఎక్కువున్న మట్టిలో పెట్టండి. అడీనియం పాలు విషం, గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

రణపాల అయితే దిగులే లేదు. ఒక్క మంచి ఆకు మిగిలినా మట్టి మీద పడేస్తే అంచుల్లోంచి పిల్లలు వస్తాయి. స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క కూడా వేరు పోసుకుంటుంది. కాకపోతే పసుపు అంచు రకం ఆకు ముక్క నుంచి వస్తే ఆ అంచు రాదు, మామూలు ఆకుపచ్చ మొక్కే వస్తుంది.

దెబ్బ తిన్న మర్నాడు కంగారులో రెండు పనులు చేస్తారు. నీళ్లు పోస్తారు, ఎండలో పెడతారు. రెండూ వద్దు. ఆ మొక్క నీళ్లు తాగే స్థితిలో ఉండదు, వేరు కుళ్లిపోతుంది. నీడలో, గాలి తగిలే చోట పెట్టి ఊరుకోండి. కొత్త చిగురు కనిపించాక కొంచెం నీళ్లు, ఇంకా తర్వాతే ఎరువు.

ఇక ముందు జాగ్రత్త. మబ్బు లేని, గాలి లేని రాత్రే అసలు ప్రమాదం. నేల వేడి అంతా ఆకాశంలోకి పోతుంది, ఆకు చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ చల్లబడుతుంది. అందుకే థర్మామీటర్ 3 డిగ్రీలు చూపించినా ఆకు మీద మంచు గడ్డకట్టొచ్చు. చల్లగాలి పల్లంలోకి జారుతుంది, కాబట్టి కుండీలు అరుగు మీద, గోడ వారగా, చూరు కింద పెట్టండి. పాత పంచె గానీ గోనె సంచి గానీ కర్రల మీద గుడారంలా నేల దాకా దించండి, పొద్దున్నే తీసేయండి. పాలిథిన్ ఆకుకి తగిలితే తగిలిన చోటే మాడుతుంది. కూరగాయల మళ్లకి చలి రాత్రి ముందు నీళ్లు కడతారు, తడి నేల వేడిని పట్టుకుంటుందని. ఆ పద్ధతి వీటికి పనికిరాదు. కుండీ ఎంత పొడిగా ఉంటే మొక్క అంత తట్టుకుంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో దాదాపు మైనస్ 19 డిగ్రీలు పడింది. అలాంటి చలికి పంచె ఆగదు, కుండీని ఇంట్లోకి తేవాల్సిందే. అడీనియం అయితే 10 డిగ్రీల కిందకి దిగకముందే లోపల పెట్టేయండి.

టీచర్ గారి మొక్క సంగతి. నొక్కి చూడమన్నాను. దుంప గట్టిగా ఉంది, ఒక కొమ్మ మాత్రం మెత్తబడింది. అది కోయించాం. మిగతా నల్ల చివర్లు అలాగే ఉన్నాయి. చిగురేస్తుందని ఇప్పుడే మాటివ్వలేను, కానీ ఎదురుచూడటానికి కారణం ఉంది. మీ మొక్కలూ ఒకసారి నొక్కి చూసి, ఎలా ఉన్నాయో కామెంట్లో రాయండి.