చెమటలు, వణుకు వస్తే అది మత్తు కోసం తండ్లాటేనా? ముందు షుగర్ చూడండి

చిట్యాల నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు విషయం చిన్నగా కనిపిస్తది కానీ ప్రాణం మీదికి తెచ్చేది.

ఒక ఇల్లు ఊహించుకోండి. హైవే మీద లారీ నడిపే పిల్లగాడు. నడుము నొప్పికని మొదలుపెట్టిన నొప్పి గోలీలకు అలవాటు పడ్డడు. ఇప్పుడు మానడానికి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నడు. ఒక పొద్దున ఏమీ తినలేదు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుడు, గుండె దడ, పొంతన లేని మాటలు. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటరు? "మళ్లీ మత్తు కోసం తండ్లాడుతున్నడు" అని. తిడతరు, లేదంటే ఇంకో గోలీ ఇస్తరు. అక్కడే తప్పు జరిగేది.

ఎందుకంటే మందు మానినప్పుడు వచ్చే లక్షణాలు, షుగర్ డౌన్ అయినప్పుడు వచ్చే లక్షణాలు చాలావరకు ఒకేలా ఉంటయి. ఓపియాయిడ్ అలవాటు ట్రీట్‌మెంట్‌లో ఇచ్చే మెథడోన్ షుగర్‌ను తగ్గించొచ్చు. డోసు ఎక్కువైనప్పుడు, తొందరగా పెంచినప్పుడు జాగ్రత్త ఇంకా అవసరం. ట్రమడాల్ అంతే. అది నొప్పి మందే అయినా, మానేటప్పుడు వచ్చే బాధలు తగ్గడానికి కూడా కొందరు డాక్టర్లు ఇస్తరు. 2018 నుంచి మన దేశంలో అది మత్తుమందుల చట్టం కింద ఉంది.

బ్రిటన్‌లో నొప్పికి ట్రమడాల్ లేదా కోడీన్ మొదలుపెట్టిన 3,34,000 మందికి పైగా రికార్డులు చూసి, 2014లో ఒక స్టడీ వచ్చింది. కోడీన్ వాళ్లకంటే ట్రమడాల్ వాళ్లలో షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరడం ఎక్కువ, ముఖ్యంగా మొదటి 30 రోజుల్లో. ఇది అరుదే, భయపడొద్దు. కానీ "మాకు షుగర్ జబ్బు లేదు కదా" అని వదిలేయొద్దు. జబ్బు లేనివాళ్లకూ రావొచ్చు. షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు, పరిగడుపున కల్లు, మందు తాగేవాళ్లకు ప్రమాదం ఎక్కువ.

మరి ఏం చెయ్యాలె?

మెలకువగా ఉండి మింగగలిగితే, షుగర్ మిషన్ ఉంటే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ వస్తే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నంక అన్నం పెట్టండి. మిషన్ లేదా? ఆగకండి, తీపి ఇచ్చేయండి. ఆ రోజు బండి మాత్రం నడపనియ్యొద్దు.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏ గోలీ, ఎంత వేసుకున్నడో దాచకుండా చెప్పండి. డోసు ఎక్కువై శ్వాస మందగించినా మనిషి ఇట్లనే పడిపోతడు, ఆ తేడా డాక్టరే తేల్చాలె.

ఇంకో మాట. ఈ వీడియో చూసి ట్రీట్‌మెంట్ ఆపేయకండి. మధ్యలో ఆపితే పాత అలవాటు మళ్లీ మొదలవుతది, అది ఇంకా పెద్ద ప్రమాదం. డాక్టర్‌కు చెప్తే డోసు చూస్తరు, అవసరమైతే మందు మారుస్తరు. అలవాటు గురించి అడగాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 14446, ఫ్రీ.

మానాలని చూస్తున్న మనిషిని అనుమానించే ముందు ఒక్కసారి వేలు గుచ్చి చూడండి. అంతే ఫ్రెండ్స్. ఇంట్లో ఎవరికైనా పనికొస్తదనిపిస్తే షేర్ చేయండి. మళ్లీ కలుద్దాం.