కణం ఒత్తిడికి లోనైతే

స్టీఫెన్ హాకింగ్‌కు 21 ఏళ్లకే బయటపడిన జబ్బు ఏఎల్‌ఎస్. ఇందులో కండరాలను నడిపించే నాడీకణాలు క్రమంగా చనిపోతాయి. రోగుల్లో అత్యధికుల నాడీకణాల్లో టీడీపీ-43 అనే ప్రోటీన్ ముద్దకట్టి ఉంటుందని 2006లో తేలింది.

మామూలుగా ఈ ప్రోటీన్ కేంద్రకంలో ఉండి ఆర్‌ఎన్‌ఏ పనులు చక్కబెడుతుంది. విపరీతమైన వేడి, విషపదార్థాల వంటి దెబ్బ తగిలితే కణం కొత్త ప్రోటీన్ల తయారీని చాలావరకు ఆపేస్తుంది. ఆర్‌ఎన్‌ఏను, టీడీపీ-43 వంటి కొన్ని ప్రోటీన్లను చిన్న బిందువులుగా పోగుచేసి కాపాడుకుంటుంది. వీటినే స్ట్రెస్ గ్రాన్యూల్స్ అంటారు. ఇది జబ్బు కాదు, ఆత్మరక్షణ. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి! ఒత్తిడి తగ్గగానే అవి కరిగిపోతాయి.

ఒత్తిడి వదలకుండా ఉంటేనే చిక్కు. పాకం ముదిరినట్టు లోపలి ప్రోటీన్లు గట్టిపడి, ఇక విడిపోకపోవచ్చు. ఈ గ్రాన్యూల్స్ బయట కూడా టీడీపీ-43 ముద్దకట్టగలదని ప్రయోగాలు చూపాయి. ప్రోటీన్లను సరిగ్గా మడిచే షాపరోన్ల శక్తి వయసుతో తగ్గుతుంది. నాడీకణాలు విభజన చెందవు కాబట్టి ముద్దకట్టిన ఆ చెత్తను పంచుకునే కొత్త కణాలూ పుట్టవు.

చేతిపట్టు సడలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా వయసు మీద నెట్టేయకండి; అది ఏఎల్‌ఎస్ సూచన కావచ్చు. న్యూరాలజిస్టుకు చూపించండి.